పంక్ దెబ్బకు పాతవాళ్ళు పడిపోయారా?

ఈ మధ్య ఒక మిత్రుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. ప్రసాదాలూ భోజనాలూ అయ్యాక మా వయసువాళ్ళం ఒక మూలకూ, మా పిల్లల వయసువాళ్ళు (వాళ్ళకీ అరవై దగ్గర పడ్డాయి లెండి) ఇంకో మూలకూ చేరాం. ఆ మూల నుంచి ఒక మాట నా చెవిన పడింది. "1977 లో పంక్ వచ్చింది, రెండేళ్ళు తిరక్కుండా పాత రాక్ బ్యాండ్లన్నీ మట్టి కరిచాయి" అని ఒకాయన తీర్పు చెప్పేశాడు. మిగతావాళ్ళు తలలూపారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. త్యాగరాజ కీర్తన ఒక్కటైనా శ్రుతిలో పాడలేనివాడికి ఈ రాక్ గొడవ ఎందుకంటారా? ఆ యుద్ధంలో కొంత భాగం స్కార్‌బరోలో మా ఇంటి బేస్‌మెంటులోనే జరిగింది. కరెంటు బిల్లు కట్టినవాణ్ణి గనక నాకూ ఒక మాట చెప్పే హక్కుంది. రిటైరయ్యాక తీరిక దొరికి, కొంత చదివి, కొంత మా అబ్బాయిని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందుగా, నాలాగే ఆ రోజుల్లో ఇవన్నీ ఒకటే మోత అనుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. 1967 లో వచ్చిన పాయింట్ల పద్ధతి పుణ్యమా అని మనవాళ్ళం డాక్టర్లుగా, ఇంజనీర్లుగా, మేష్టర్లుగా ఈ దేశంలో వచ్చి దిగేనాటికి, ఇక్కడి కుర్రకారు వినే రాక్ సంగీతం మూడు నిమిషాల పాటల దశ దాటిపోతోంది. పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనెసిస్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ లాంటి ఇంగ్లండు బ్యాండ్లు ఒక్కొక్క పాట ఇరవై నిమిషాలు వాయించేవి. లాంగ్ ప్లే రికార్డులో ఒక పక్కంతా ఒకే పాట! మన పద్యనాటకాల్లో కృష్ణుడు పద్యం చివర రాగం అందుకుంటే, బయటికి వెళ్ళి కిళ్ళీ కట్టించుకుని వచ్చినా ఆ రాగం ఇంకా సాగుతూనే ఉండేది గుర్తుందా, అలాగన్నమాట. జనం కూడా అలాగే 'వన్స్ మోర్' అనేవారు. వాయించేవాళ్ళు పండితులు, సామాను లారీలకొద్దీ, టిక్కెట్టు ఖరీదు. వీటన్నిటికీ కలిపి 'క్లాసిక్ రాక్' అనే పేరు తర్వాత రేడియోవాళ్ళు పెట్టింది. ఆ రోజుల్లో ఉత్త రాకే.

దీని మీద తిరగబడ్డది పంక్. న్యూయార్కు రామోన్స్ 1976 లో తీసిన మొదటి రికార్డులో 14 పాటలుంటే, మొత్తం కలిపి అరగంట లోపే అయిపోతాయి. గిటారు మీద మూడు మెట్లు వస్తే చాలు, వేదిక ఎక్కవచ్చు. ఎవరి దగ్గరా శిష్యరికం అక్కర్లేదు. లండనులో సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్ బొమ్మ ఉన్న చొక్కా మీద 'నాకు అసహ్యం' అని రాసుకుని తిరిగాడు. (తర్వాత చాలా ఏళ్ళకు, ఆ బ్యాండు సంగీతం తనకు ఇష్టమేనని తనే ఒప్పుకున్నాడు. అది వేరే సంగతి.)

టొరంటోకు ఈ గాలి త్వరగానే తగిలింది. 1976 సెప్టెంబరులో రామోన్స్ యంగ్ స్ట్రీట్‌లోని న్యూయార్కర్ థియేటర్లో వాయించారు. వినడానికి వచ్చిన కుర్రాళ్ళలో చాలామంది ఇంటికి వెళ్ళి తామే బ్యాండ్లు కట్టారని చెబుతారు. ఆంటేరియో కాలేజ్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థుల డయోడ్స్, వైల్‌టోన్స్, హామిల్టన్ నుంచి టీనేజ్ హెడ్, ఇలా ఒక గుంపు తయారైంది. 1977 వేసవిలో డంకన్ స్ట్రీట్ 15 నంబరు ఇంటి బేస్‌మెంటులో డయోడ్స్ వాళ్ళు 'క్రాష్ ఎన్ బర్న్' అని ఒక క్లబ్బు తెరిచారు. అది ఒక్క వేసవే నడిచింది. ఇంతా చేస్తే ఒక బేస్‌మెంటు పట్టే జనం, అంటే మన ఉగాది సభకు వచ్చేంతమంది కూడా కారు. మనం స్టెన్సిలు కోసి, చేతులకు సిరా అంటించుకుని పత్రిక తిప్పినట్టే వాళ్ళూ జిరాక్సు కాగితాల మీద తమ పత్రికలు తామే వేసుకుని పంచుకున్నారు.

సరే, అదే వేసవిలో అవతలి పక్షం పరిస్థితి ఏమిటి? ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగింది. పంక్ వచ్చి పాతవాళ్ళను తుడిచిపెట్టిన సంవత్సరమని చెప్పే ఆ 1977 లోనే, జులై 6 న, మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో పింక్ ఫ్లాయిడ్ వాయించారు. జనం దాదాపు ఎనభై వేలు. ఏడు వారాలకు, ఆగస్టు 26 న, అదే స్టేడియంలో ఎమర్సన్ లేక్ అండ్ పామర్ నిండు ఆర్కెస్ట్రాతో వాయించారు. మళ్ళీ డెబ్భై వేలకు పైగానే జనం. డంకన్ స్ట్రీట్ బేస్‌మెంటు ఎన్నిసార్లు నిండితే ఈ స్టేడియం ఒక్కసారి నిండుతుందో లెక్క మీరే వేసుకోండి. క్యుబెక్ వాళ్ళకు ఈ పొడుగు పాటలంటే మొదటి నుంచీ ప్రాణం.

కాని ఆ రెండు కచేరీల లోపలికి తొంగి చూస్తే, జబ్బు బయటి నుంచి రాలేదని తెలుస్తుంది.

పింక్ ఫ్లాయిడ్ కచేరీలో ఏం జరిగిందంటే, ముందు వరుసల కుర్రాళ్ళు కేకలు వేస్తూ, టపాసులు పేలుస్తూ అల్లరి చేశారు. పాటగాడు రోజర్ వాటర్స్‌కు ఒళ్ళు మండి ఒక కుర్రాడి మీద ఉమ్మేశాడు. తర్వాత తన మీద తనకే రోత పుట్టింది. ఎనభై వేల మందికీ తనకూ మధ్య గోడ కట్టుకుని వాయిస్తే తప్ప బతకలేనేమో అన్న ఆలోచన అక్కణ్ణుంచే మొదలై, 1979 చివర 'ది వాల్' అనే జంట రికార్డు అయింది. అంటే జానీ రాటెన్ చొక్కా మీద రాసుకున్న ఫిర్యాదే, పాటగాడికీ వినేవాడికీ మధ్య దూరం పెరిగిపోయిందన్న ఫిర్యాదే, వాటర్స్ స్వయంగా తన మీద తాను రాసుకున్నాడు. ఆ రికార్డు కెనడాలో పది లక్షలు దాటినవాటికి ఇచ్చే డైమండ్ గుర్తింపు పొందింది. మట్టి కరవడమంటే ఇదా?

ఎమర్సన్ బృందం సంగతి వేరు. వాళ్ళు ఆ ఏడు 70 మంది దాకా వాద్యకారులను జీతాలిచ్చి వెంట తిప్పుకున్నారు. మన జమీందార్లు దివాణం నడిపి దివాలా తీసినట్టు, ఖర్చు భరించలేక యాత్ర మధ్యలోనే ఆర్కెస్ట్రాను ఇంటికి పంపించేశారు. మాంట్రియల్ లాంటి పెద్ద చోట్ల మాత్రం మళ్ళీ పిలిపించుకున్నారు. 1978 లో 'లవ్ బీచ్' అని ఒక నాసిరకం రికార్డు తీసి విడిపోయారు. వీళ్ళ పతనమే 'పంక్ చంపేసింది' అనే కథకు పెద్ద సాక్ష్యంగా చూపిస్తారు. కాని 1977 వేసవిలో, సెక్స్ పిస్టల్స్ రాణిగారి మీద పాడిన పాట ఇంగ్లండు జాబితాలో రెండో స్థానానికి వెళ్ళిన కొద్ది వారాలకే, వీళ్ళు వాయించిన 'ఫ్యాన్‌ఫేర్' కూడా అదే రెండో స్థానానికి చేరింది! కొనేవాళ్ళున్నారు, వినేవాళ్ళున్నారు. లేనిది కొలువు నడపడానికి డబ్బు. దానికి కొత్త పాట రాసే ఓపిక కూడా పోయింది. లెడ్ జెప్లిన్ కూడా పంక్ వల్ల పోలేదు. 1979 లో వాళ్ళ రికార్డు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. 1980 సెప్టెంబరులో డ్రమ్ములు వాయించే జాన్ బోనమ్ చనిపోతే మిగతావాళ్ళు ఆపేశారు.

ఇంకా చిత్రం రోలింగ్ స్టోన్స్ వాళ్ళది. అదే 1977 మార్చి 4, 5 తేదీల్లో వాళ్ళు టొరంటో స్పడైనా అవెన్యూలోని ఎల్ మొకాంబో అనే మూడు వందల మంది పట్టే చిన్న క్లబ్బులో మారుపేరుతో వాయించారు. అంతకు వారం ముందే వాళ్ళ గిటారు విద్వాంసుణ్ణి ఇదే ఊళ్ళో మాదకద్రవ్యాల కేసులో పట్టుకున్నారు. పైగా ఆ క్లబ్బుకు ప్రధానమంత్రి భార్య కూడా వచ్చింది. పేపర్లకు పండగే పండగ. నాకు ముఖ్యమనిపించింది మాత్రం ఒకటే. స్టేడియాలు నింపేవాళ్ళు చిన్న గదిలో చెమటలు కక్కుతూ వాయించడానికి వచ్చారు. మరుసటి ఏడు 'సమ్ గర్ల్స్' అనే రికార్డులో పొట్టి పాటలు, వేగం, విసురు వినిపిస్తాయి. అది వాళ్ళు అన్నిటికన్నా ఎక్కువ అమ్ముకున్నవాటిలో ఒకటి.

ఇక మన టొరంటో కుర్రాళ్ళు, రష్ బ్యాండు. వీళ్ళ గురించి కాస్త ఎక్కువ రాస్తే పాఠకులు క్షమించాలి, ఎందుకంటే వీళ్ళు మన పిల్లల్లాంటివాళ్ళు. పాటగాడు గెడ్డీ లీ తల్లిదండ్రులు పోలండు యూదులు, హిట్లరు శిబిరాల నుంచి బతికి బయటపడి వచ్చినవాళ్ళు. అసలు పేరు గారీ. తల్లి యాసలో అది 'గెడ్డీ' అయింది, స్నేహితులు అదే పిలిచారు, అదే స్థిరపడింది. (మన పిల్లల పేర్లకు స్కూళ్ళలో పట్టిన గతికి ఇది సరిగ్గా తలకిందులు!) పన్నెండేళ్ళకే తండ్రి పోతే, తల్లి దుకాణం నడిపి పెంచింది. గిటారు వాయించే అలెక్స్ లైఫ్‌సన్ యుగొస్లావియా నుంచి వచ్చినవాళ్ళ కొడుకు. పలకలేని ఇంటిపేరును తనే ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు. ఇద్దరూ విల్లోడేల్ బడిలో కలిశారు. వీళ్ళకు తోడు సెయింట్ కేథరిన్స్ దగ్గర పెరిగిన నీల్ పియర్ట్, పాటలు రాసేవాడు, డ్రమ్ములు వాయించేవాడు.

1976 లో వీళ్ళ '2112' రికార్డులో ఒక పక్కంతా ఒకే పాట. 1978 లో 'హెమిస్ఫియర్స్' లోనూ అంతే, పద్దెనిమిది నిమిషాలు. పంక్ వాళ్ళు వెక్కిరించడానికి ఇంతకన్నా తగిన బ్యాండు దొరకదు. వెక్కిరించారు కూడా. మరి వీళ్ళు ఏం చేశారు? ఏడవలేదు, ఎదురు తిట్టలేదు. 1980 జనవరిలో 'పర్మనెంట్ వేవ్స్' తీశారు. అందులో మొదటి పాట 'ద స్పిరిట్ ఆఫ్ రేడియో' అయిదు నిమిషాలు కూడా లేదు. బ్రాంప్టన్‌లో కొత్తరకం పాటలు ధైర్యంగా వేసిన సి.ఎఫ్.ఎన్.వై. రేడియో వాళ్ళ నినాదమే ఆ పేరు. పొడుగు పాటల బ్యాండు, కొత్త పాటల రేడియోకు దండం పెట్టిందన్నమాట. 1981 లో 'మూవింగ్ పిక్చర్స్' కెనడా జాబితాలో మొదటి స్థానం. 1982 లో, క్యాసెట్టు రెండు పక్కలూ నిడివి సరిపోవడానికి అప్పటికప్పుడు తయారు చేసిన నాలుగు నిమిషాల లోపు పాట 'న్యూ వరల్డ్ మ్యాన్' కూడా మొదటి స్థానం. పద్దెనిమిది నిమిషాలవాళ్ళు నాలుగేళ్ళలో నాలుగు నిమిషాలకు దిగారు, దిగినకొద్దీ జనం పెరిగారు. విద్య మాత్రం వదల్లేదు. లెక్క తప్పని తాళాలు ఆ పొట్టి పాటల్లోనూ ఉన్నాయని మా అబ్బాయి బల్ల మీద దరువేసి చూపించాడు.

పెద్దవాళ్ళలో పంక్‌కు బాహాటంగా తలుపు తీసినవాడు నీల్ యంగ్. టొరంటోలో పుట్టి విన్నిపెగ్‌లో పెరిగినవాడు. 1979 లో తీసిన 'రస్ట్ నెవర్ స్లీప్స్' రికార్డులో జానీ రాటెన్‌ను పేరు పెట్టి పాడాడు. నిలబడి ఉంటే తుప్పు పడుతుందన్న భయం ఆ పేరులోనే ఉంది.

అంటే నా లెక్కలో పంక్ పాతవాళ్ళ జనాన్ని తీసుకుపోలేదు. వాళ్ళ నిద్ర తీసుకుపోయింది. నిద్ర చెడినవాళ్ళలో లేచి పని చేసుకున్నవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళయ్యారు.

ఇది మనకు కొత్త సంగతీ కాదు. మనలో చాలామంది ఆంధ్ర వదిలి వచ్చేముందే ఇలాంటిది ఒకటి చూసి వచ్చాం. 1965 మేలో హైదరాబాదులో, అర్ధరాత్రి, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆరుగురు కుర్రకవులు తమ మొదటి పుస్తకం ఆవిష్కరింపజేశారు. దిగంబర కవులు. సొంత పేర్లు పారేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని పెట్టుకున్నారు. రెండో సంపుటి 1966 లో బెజవాడలో హోటలు కార్మికుడి చేతా, మూడోది 1968 లో విశాఖలో ఒక బిచ్చగత్తె చేతా విడుదల చేయించారు. బూతులన్నారు, పిచ్చన్నారు. మా కాలేజీలో ఒక మేష్టారు ఆ పుస్తకాన్ని చిటికెన వేలితో పట్టుకుని బల్ల మీద నుంచి పక్కకు నెట్టడం నా కళ్ళారా చూశాను. ఆ మూడు సంపుటాలతో దుకాణం మూసేశారు. మన క్రాష్ ఎన్ బర్న్ లాగే.

వాళ్ళ వల్ల 'మహాప్రస్థానం' చదివేవాళ్ళు తగ్గారా? లేదు. కృష్ణశాస్త్రి పాటలు ఆగాయా? లేదు. కాని 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలో విద్యార్థులు 'రచయితలారా, మీరెటువైపు?' అని కరపత్రం పంచితే, ఆ ప్రశ్న అలా ఊరికే పోలేదు. అదే ఏడు జులై 4 న విరసం ఏర్పడింది. అధ్యక్షుడు అరవై ఏళ్ళ శ్రీశ్రీ. దిగంబరుల్లో కొందరు అందులో చేరారు. ఆ రాజకీయాలతో మనం ఏకీభవించామా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్ళవలసిన రోజున ఆయన కుర్రాళ్ళ ప్రశ్నకు జవాబు చెప్పాడు.

ఇక నష్టపోయింది ఎవరయ్యా అంటే, ఈ ఊళ్ళో అయితే పంక్ వాళ్ళే. 1971 నుంచి సి.ఆర్.టి.సి. వారి నిబంధన ప్రకారం ఎ.ఎం. రేడియోలో 30 శాతం కెనడా పాటలు వెయ్యాలి. ఆ 30 శాతంలో గెస్ హూ, బాక్‌మన్ టర్నర్ వంటి అప్పటికే పేరున్నవాళ్ళకు చోటు దొరికింది కాని, ఈ కుర్రాళ్ళకు దొరికింది బహు తక్కువ. డయోడ్స్ రికార్డును 1977 లోనే సి.బి.ఎస్. కంపెనీ తీసింది, అయినా రేడియో పెద్దగా పట్టించుకోలేదు. 1978 డిసెంబరు 1 న క్వీన్ స్ట్రీట్‌లోని హార్స్‌షూ టావెర్న్‌లో 'ద లాస్ట్ పోగో' అని కచేరీ పెడితే, జనం మరీ ఎక్కువయ్యారని పోలీసులు వచ్చి ఆపించారు. చివర ఎక్కిన టీనేజ్ హెడ్‌కు ఒక్క పాటకే అనుమతి. 1980 జూన్‌లో ఆంటేరియో ప్లేస్‌లో వాళ్ళు వాయిస్తే లోపలికి దూరలేని జనం అల్లరి చేసి ఊరంతా గోల అయింది. ఆ గోలతో ఆ బ్యాండు పేరు దేశమంతా తెలిసింది! వాంకూవర్ డి.ఓ.ఎ. బృందం మాత్రం మొండిగా వ్యానేసుకుని ఏళ్ళ తరబడి తిరిగింది.

మా బేస్‌మెంటు సంగతికి వస్తాను. మా అబ్బాయి 1978 లో హైస్కూలులో చేరాడు. అప్పటికి వాడి గదినిండా రష్, సూపర్‌ట్రాంప్, పింక్ ఫ్లాయిడ్ రికార్డులు. చిల్లర పనులు చేసి సంపాదించిన డబ్బంతా వాటికే. 1980 వేసవిలో ఒకరోజు జుట్టు కత్తిరించుకుని, చొక్కా బ్లేడుతో చీరి పిన్నీసులు గుచ్చుకుని దిగాడు. మా ఆవిడ పాపం పిల్లవాడి చొక్కా చిరిగిందని రాత్రికి రాత్రి ఆ చీరికలన్నీ చక్కగా కుట్టి, పిన్నీసులు తన డబ్బాలో దాచుకుంది. పొద్దున్న ఇంట్లో జరిగిన గొడవ ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది కాని ఆరోజు నవ్వలేదు. నేను చెయ్యి చేసుకోబోయాను. "ఇందుకా నిన్ను ఇంత దూరం తీసుకొచ్చింది?" అని అడిగాను. "నన్ను అడిగి తీసుకొచ్చారా?" అన్నాడు. వాడు నాతో సరిగ్గా మాట్లాడడానికి మళ్ళీ చలికాలం వచ్చింది.

ఆ వారమే వాడు పాత రికార్డులన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి గరాజ్ సేల్‌కని బయట పెట్టేశాడు, ఒక్కోటి పాతిక సెంట్లు. స్నేహితుల ముందు అవి ఇంట్లో ఉండటం నామోషీ అట. నాకు ఆ పాటలంటే ప్రేమ లేదు. కొన్న డబ్బు గుర్తొచ్చి, ఎవరూ చూడకుండా పెట్టె లోపలికి మోసుకొచ్చి ఫర్నెస్ వెనకాల పెట్టాను. మరుసటి ఏడు 'మూవింగ్ పిక్చర్స్' వచ్చినప్పుడు వీడు అది కొని తెచ్చుకుని తలుపు వేసుకుని, సౌండు తగ్గించి విన్నాడు. గోడకు అవతల ఫర్నెస్ దగ్గర నిలబడి నేనూ విన్నాను. ఆ లెక్కన పంక్ మా ఇంట్లో పాతవాళ్ళను ఓడించింది సుమారు ఎనిమిది నెలలు. అది కూడా స్నేహితులు వచ్చినప్పుడు మాత్రమే.

వాడికి పెళ్ళై వేరే ఇల్లు కట్టుకున్నాక పెట్టె అప్పగించాను. తెరిచి చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టి, "నాన్నా, 'క్రైమ్ ఆఫ్ ద సెంచరీ' ఏదీ?" అని అడిగాడు. గరాజ్ సేల్‌లో పోయి ఉంటుందని చెప్పాను. అది నా గదిలో బీరువా పైన, ఘంటసాల భగవద్గీత రికార్డు కింద ఉంది.